వెనక పేజీ లేని సర్టిఫికెట్

"తాళాలు పెట్టబట్టే తగ్గిందంటే ఒప్పుకోవేం?"

అమ్మాజీ గొంతు వరండా దాటి గేటు దాకా వెళ్ళింది. గేటు అవతల స్కూటీ ఆపుకుంటున్న ఎదురింటావిడ ఏమీ విననట్టు మొహం పెట్టి, హెల్మెట్ తీయడానికి కావలసినదానికంటే ఎక్కువ సమయం తీసుకుంది.

"మెల్లగా అత్తయ్యా. బయట మనుషులున్నారు," అంది హిమబిందు.

"ఉండనీ. వాళ్ళకీ తెలియాలి. పోయిన ఆదివారం పిల్లకి ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేస్తే నువ్వేం చేశావ్? గోడకి ఆనుకుని బొమ్మలా నిలబడ్డావ్. నేను కాబట్టి బీరువా తాళాలు తెచ్చి గుప్పిట్లో పెట్టాను. పెట్టగానే సర్దుకుంది. అవునా, కాదా?"

"దానంతట అదే తగ్గిందని డాక్టరుగారు చెప్పారు కదా. జ్వరం ఒక్కసారిగా పెరిగితే చాలామంది పిల్లలకి వస్తుందట. భయపడక్కర్లేదన్నారు."

"మళ్ళీ రావచ్చని కూడా అన్నాడు."

ఐదు రోజులుగా ఆ మాటే హిమబిందు చెవుల్లో తిరుగుతోంది. అత్తగారు అన్నదాంట్లో ఇంకో ముక్క కూడా నిజం. ఆమె బొమ్మలాగే నిలబడిపోయింది.

పాత ఆయాని ఆ సాయంత్రమే పంపించేసింది. కొట్టుకుంటున్న పిల్ల నోట్లో చెంచా కాడ దూర్చింది ఆవిడే. ఎనిమిది నెలల నవ్యశ్రీ చిగురు మీద ఆ గాటు ఇంకా మానలేదు. తాళాలు పెట్టిన అత్తగారిని మాత్రం ఎక్కడికని పంపుతుంది?

ఇవాళ శుక్రవారం. సోమవారం తొమ్మిదింటికి ఆమె ల్యాబులో ఉండాలి. రొయ్య పిల్లలకి జబ్బులున్నాయేమో చూసి రిపోర్టులిచ్చే ల్యాబు అది. ఇన్నాళ్ళూ ఆమె పని ఇద్దరు పంచుకున్నారు. ఇక సెలవు పొడిగించలేమని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. అంత మర్యాదగా చెప్పాడంటే ఆ కుర్చీకి ఇంకొకర్ని చూసి పెట్టుకున్నాడనే అర్థం.

జయంత్ తెల్లవారకముందే గిలకలదిండి హార్బరుకి వెళ్ళిపోయాడు. బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి అతని ఫ్యాక్టరీ ఐసు అక్కడుండాలి. భార్య కోసం అతను చేయగలిగింది ఒక్కటే. గుడివాడలోని ఓ ఏజెన్సీకి ఫోన్ చేసి, ట్రైనింగైన ఆయా కావాలన్నాడు.

ఇప్పుడు వరండాలో పని కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె ఏజెన్సీ పంపిన మనిషి.

రెండో ఆమెని ఎవరూ పిలవలేదు.

* * *

ఏజెన్సీ రాంబాబు ఫైలు తెరిచి, పేకాట పంచినంత ఒడుపుగా టీపాయ్ మీద కాగితాలు పరిచాడు.

"ఆధార్ మేడమ్. ఇది పోలీస్ వెరిఫికేషన్. ఇది మెడికల్. ఇదిగోండి, అసలైంది. శిశు సంరక్షణలో డిప్లొమా. ఏ గ్రేడ్. బందరు మొత్తం మీద ఇలాంటి క్యాండిడేట్ మీకు దొరకదు."

కుర్చీ అంచున కూర్చున్న సుమలత తల వంచుకుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. శుభ్రంగా ఇస్త్రీ చేసిన నీలం చీర, గట్టిగా బిగించిన జడ. మంచి మనిషిలాగే ఉంది.

"చూడు, ఎంత పద్ధతిగా ఉందో," అంది అమ్మాజీ. ఆ మాట సుమలత గురించో, లామినేషన్ చేసిన సర్టిఫికెట్ గురించో తెలియలేదు.

హిమబిందు కాగితాలు ఒక్కొక్కటే చూసింది. ఆధార్ చెప్పేది ఈమె ఎవరో. పోలీసు కాగితం చెప్పేది ఈమె మీద కేసులు లేవని. మెడికల్ చెప్పేది అంటుజబ్బులు లేవని. మూడూ కావలసినవే. కానీ ఆదివారం లాంటి రోజు మళ్ళీ వస్తే ఈ మూడింట్లో ఏదీ అక్కరకి రాదు. నాలుగోదే రావాలి.

ఆమె నాలుగోది చేతిలోకి తీసుకుంది. తళతళలాడుతోంది. వెనక్కి తిప్పింది. తెల్లగా, ఖాళీగా ఉంది.

"కోర్సు ఎన్నాళ్ళమ్మా?"

"ఆర్నెల్లండి. నాలుగు నెలలు థియరీ, రెండు నెలలు ప్రాక్టికల్," అంది సుమలత గడగడా.

"ప్రాక్టికల్ ఎక్కడ చేశావు?"

సుమలత రాంబాబు వైపు చూసింది.

"హాస్పిటల్లో మేడమ్," అన్నాడు రాంబాబు.

"ఆవిడని అడుగుతున్నాను."

"హాస్పిటల్లోనేనండి."

"ఏ వార్డు?"

"పిల్లల వార్డు," అన్నాడు రాంబాబు మళ్ళీ.

"మీరు కూడా చేశారా కోర్సు?" అంది హిమబిందు.

అమ్మాజీకి నవ్వొచ్చింది. తను ఎవరి పక్షమో గుర్తొచ్చి దగ్గులోకి మార్చుకుంది.

పిల్లకి ఏం పెడతావని అడిగితే సుమలత తడుముకోకుండా చెప్పింది. అన్నం మెత్తగా పిసికి, పప్పుకట్టు పోసి, ఉప్పూ కారం లేకుండా. ఇద్దరు పిల్లల తల్లి. ఆ చెప్పడంలో అనుభవం ఉంది. హిమబిందుకి ఆమె మీద కొంచెం కొంచెంగా నమ్మకం కుదురుతోంది.

"సరే. జ్వరంతో ఉన్న పిల్లకి నీ చేతుల్లో ఫిట్స్ వచ్చిందనుకో. నేను ల్యాబులో ఉన్నాను. ఏం చేస్తావు?"

"ఫోన్ చేస్తానండి మీకు."

"నేను వచ్చేలోపు?"

సుమలత మళ్ళీ అటువైపు చూసింది. ఈసారి రాంబాబు కూడా అందించలేకపోయాడు.

"తాళాలు పెడతానండి చేతిలో."

"విన్నావా!" అమ్మాజీ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నేను చెప్తే పాతకాలం మాట అంటావు. డిప్లొమా చేసిన మనిషి చెప్తోంది. ఇప్పుడేమంటావు?"

హిమబిందుకి కోపం రాలేదు. విచిత్రంగా, ఆమెకి కుతూహలం కలిగింది. ఆర్నెల్లు పిల్లల పెంపకమే చదివి, ఏ గ్రేడు తెచ్చుకున్న మనిషికి ఇది ఎవరూ చెప్పలేదా? చెప్పకపోతే ఆ కోర్సులో ఏం చెప్పారు? చెప్పి ఉంటే ఈమెకి ఎందుకు తెలియదు?

ల్యాబులో ఆమె సంతకం చేసే ప్రతి రిపోర్టు అడుగునా ఒక వాక్యం ఉంటుంది. ఈ ఫలితం మాకు అందిన శాంపిలుకు మాత్రమే వర్తిస్తుంది. చెరువుల వాళ్ళెవరూ దాన్ని చదవరు. పరీక్షకని సీసాలో పంపిన పిల్లలు ఒకటి, సంచుల్లో తెచ్చి చెరువులో దింపిన పిల్లలు ఇంకొకటి అయినప్పుడు ల్యాబు మీదికి గొడవకొస్తారు. రిపోర్టులో అబద్ధం ఉండదు. అది వేరే రొయ్యల రిపోర్టు, అంతే.

ఆమె సర్టిఫికెట్‌ని ఇంకోసారి వెనక్కి తిప్పి చూసింది.

* * *

పిలవకుండా వచ్చిన మనిషి మెట్టు మీద కూర్చుని ఉంది. పాతికేళ్ళ పిల్ల. పనుందని విని వచ్చానంది. అంతకుమించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమెకి ఎవరూ కుర్చీ వేయలేదు. రాంబాబు గేటు తీసుకుని వచ్చినప్పుడు ఆమెని చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత అటువైపు చూపు తిప్పనే లేదు.

"నీ పేరేంటమ్మా?" అంది హిమబిందు.

"గ్రేస్ అండి."

"ఏ ఊరు?" అంది అమ్మాజీ.

"కోడూరు పక్కనండి."

"ఓహో," అంది అమ్మాజీ. ఆ ఓహో చాలా పొడుగ్గా సాగింది. గ్రేస్‌కి అలాంటివి కొత్త కాదు కాబోలు, మొహంలో ఏ మార్పూ లేదు.

"ట్రైనింగేమన్నా అయ్యావా?"

"కాగితం లేదండి."

"నేనడిగింది కాగితం గురించి కాదు."

రాంబాబు గొంతు సవరించుకున్నాడు. "టైమ్ వేస్టు మేడమ్. రేపు ఏదైనా అయితే ఎవర్ని పట్టుకుంటారు? మా దగ్గరైతే గ్యారంటీ ఉంటుంది."

"ఒక్క నిమిషం," అంది హిమబిందు. "గ్రేస్, నువ్వూ విన్నావు కదా నేనడిగింది. నువ్వైతే ఏం చేస్తావు?"

గ్రేస్ లేచి నిలబడింది. జవాబు చెప్పకుండా తనే ఎదురు ప్రశ్న వేసింది.

"మొన్న ఎంతసేపు వచ్చిందండీ?"

"రెండు నిమిషాలు," అంది అమ్మాజీ.

"ఐదు," అంది హిమబిందు, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గడియారం ఎవరు చూశారండీ?"

ఎవరూ చూడలేదు. ఐదు రోజుల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి డాక్టరు. రెండో మనిషి ఈ పిల్ల.

"ముందు గడియారమే చూడాలండి," అంది గ్రేస్. "మన భయానికి రెండు నిమిషాలు పది నిమిషాల్లా ఉంటాయి. నిజంగా ఐదు దాటితే ఇంట్లో ఉండకూడదు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళిపోవాలి. ఒళ్ళంతా కుదిపేసిందా, ఒక పక్కే కొట్టుకుందా అండీ? తర్వాత ఎంతసేపటికి మిమ్మల్ని గుర్తుపట్టింది?"

హిమబిందు చెబుతూ పోయింది. చెబుతుంటే ఆ ఐదు నిమిషాలు మొదటిసారి ఒక వరసలో కళ్ళముందుకొచ్చాయి.

గ్రేస్ దండెం మీది తువ్వాలు అడిగి తీసుకుంది. గట్టిగా చుట్టి, చంటిపిల్లంత చేసి, నేల మీద పడుకోబెట్టింది.

"చుట్టూ గట్టి వస్తువులుంటే తీసేయాలి. ఇలా ఒక పక్కకి తిప్పాలి. చొంగ, పాలు ఏమున్నా బయటికి కారిపోతాయి, గొంతుకి అడ్డం పడవు. మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. నోట్లో ఏమీ పెట్టకూడదు. నీళ్ళు కూడా." ఆమె ఒక్క క్షణం ఆగింది. "నీళ్ళు అసలు పోయకూడదండి."

"మరి చేతిలో?" అంది అమ్మాజీ సవాలుగా.

"చేతిలో ఏం పెట్టినా తేడా లేదండి. కానీ తాళాలు వెతకడానికి వెళ్ళిన మనిషి పాప దగ్గర ఉండదు కదండీ."

లోపల ఉయ్యాలలో నవ్యశ్రీ తనలో తను ఏదో కబుర్లు చెప్పుకుంటోంది.

"ఇవన్నీ యూట్యూబ్‌లో ఉంటాయి మేడమ్," అన్నాడు రాంబాబు. "మా అమ్మాయి కూడా చెప్తుంది. ఎనిమిదో క్లాసు."

ఆ మాటా కొట్టిపారేయడానికి లేదు. హిమబిందు గ్రేస్ వైపు తిరిగింది. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

గ్రేస్ కళ్ళు ఒక్కసారి టీపాయ్ మీది సర్టిఫికెట్ వైపు వెళ్ళి తిరిగొచ్చాయి.

"చెప్పినా మీరు నమ్మరండి," అంది.

* * *

పదకొండింటికి జయంత్ వచ్చాడు. చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. ఒంటి నుంచి ఐసూ చేపలూ కలిసిన వాసన. భార్య అతన్ని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"మనసు ఎటు లాగుతోందో చెప్పనా?" అన్నాడు అంతా విని. "కాగితం లేనమ్మాయి వైపు. అవునా?"

"అవును."

"నువ్వా బిందూ ఈ మాట అనేది? రిపోర్టు లేకుండా చెరువులో రొయ్య పిల్ల దింపొద్దని ఊరందరికీ చెప్పేది నువ్వు. మా బాబాయితో పోట్లాడావు కూడా. మన పిల్ల దగ్గరికి వచ్చేసరికి రిపోర్టు అక్కర్లేదా?"

"అక్కర్లేదనడం లేదండీ. ఆ రిపోర్టు ఎవరిదో తెలుసుకోవాలంటున్నాను."

"దాని మీద పేరుంది కదా!"

"పేరుంది. ఆ మనిషిలో ఆ చదువు లేదు. ఈ అమ్మాయిలో చదువుంది, కాగితం లేదు. మీకు వింతగా అనిపించడం లేదా?"

"నాకు ఆకలిగా అనిపిస్తోంది." తర్వాత భార్య మొహం చూసి గొంతు తగ్గించాడు. "చూడు. నాలుగు మాటలు బాగా చెప్పిందని ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పిల్లని పెట్టి నువ్వు ల్యాబుకీ, నేను హార్బరుకీ వెళ్ళిపోతాం. రేపు ఏదైనా జరిగితే, ఏం చూసి పెట్టుకున్నారని అడుగుతారు. ఏం చెబుదాం? తువ్వాలు బాగా చుట్టిందని చెబుదామా?"

అతని మాటలో తప్పు లేదు. చదువుకి ఋజువు కావాలి. ఆ ఋజువు కాగితమే. కాగితాన్ని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి?

"సర్టిఫికెట్ ఇచ్చిన వాళ్ళని అడుగుదాం," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. దాని మీద వాళ్ళ ఫోన్ నంబరుంది."

* * *

ఫోన్ తీయగానే రాంబాబు లేచి నిలబడ్డాడు.

"ఫోన్లెందుకు మేడమ్? నేనున్నాను కదా ఎదురుగా. వాళ్ళు బిజీగా ఉంటారు. అయినా పెడనలో ఇంకో పార్టీ నా కోసం..."

"కూర్చోండి. టీ తాగి వెళ్దురుగాని," అన్నాడు జయంత్. అతను నిలబడింది సరిగ్గా గేటుకీ, రాంబాబు బండికీ మధ్య.

మూడోసారికి అవతల ఫోనెత్తారు. గుడివాడలోని శిక్షణ కేంద్రం. పాఠాలు చెప్పే పూర్ణిమగారు మాట్లాడుతున్నారు. వెనక పిల్లలెవరో ఒకే రాగంలో ఏడుస్తున్నారు. హిమబిందు సంగతి చెప్పి, సర్టిఫికెట్ నంబరు చదివింది.

"చాలా సంతోషమండీ," అంది పూర్ణిమ. "ఇన్నేళ్ళలో ఫోన్ చేసి అడిగినవాళ్ళు మీతో కలిపి ముగ్గురు. వెనక పేజీ ఒకసారి చదువుతారా?"

"వెనక ఏమీ లేదండీ."

"అదేంటి? మా సర్టిఫికెట్‌కి ఆ పేజీయే ముఖ్యం. ఎంతమంది పిల్లల దగ్గర, ఎన్ని గంటలు చేసింది, ఏ వయసు పిల్లలు, ఏ పని ఒంటరిగా చేయగలదు, ఏది ఇంకా చేయలేదు, అన్నీ చేత్తో రాసి సంతకం పెడతాను. ముందు పేజీ గోడకి తగిలించుకోవడానికి. వెనక పేజీ తల్లి చదువుకోవడానికి."

"లామినేషన్ చేసి ఉందండీ."

"అయితే అది జిరాక్సు. నంబరు మళ్ళీ చెప్పండి, రిజిస్టర్ తెస్తాను."

హిమబిందు స్పీకర్ నొక్కి ఫోన్‌ని టీపాయ్ మీద పెట్టింది. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వరండా అంతా వినిపించింది. సుమలత చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. రాంబాబు టీ గ్లాసు అందుకుని తాగడం మర్చిపోయాడు.

"దొరికిందండీ. నంబరు కరెక్టే. గ్రేడు కూడా కరెక్టే. ఆ బ్యాచ్‌లో ఫస్టు ఈ అమ్మాయే."

రాంబాబు ఊపిరి వదిలాడు. "చెప్పాను కదా మేడమ్..."

"ప్రాక్టికల్లో రెండొందల నలభై గంటలు చంటిపిల్లల గదిలో చేసింది," అని కొనసాగించింది పూర్ణిమ. "నా చేతుల్లోంచి వెళ్ళినవాళ్ళలో అంత నిదానమైన అమ్మాయి ఇంకొకరు లేరు. మీరు కళ్ళు మూసుకుని పెట్టుకోవచ్చు. ఇంతకీ ఎలా ఉంది గ్రేస్?"

అందరి చూపులూ మెట్టు వైపు తిరిగాయి.

"హలో? వినపడుతోందా అండీ?"

"వినపడింది," అంది హిమబిందు. "మళ్ళీ చేస్తానండీ." ఫోన్ పెట్టేసింది.

ముందుగా నోరు తెరిచింది సుమలత. కళ్ళ నీళ్ళు అప్పటికే చెంపల మీదున్నాయి. "నాకు ముసలివాళ్ళని చూసుకోవడం వచ్చండి. నాలుగేళ్ళు చేశాను, మంచాన పడ్డవాళ్ళకి. ఇప్పుడు అందరూ చంటిపిల్లలకే అడుగుతున్నారని సారే రాయించారు. అడిగితే నాలుగు నెలలు థియరీ అనమన్నారు."

"ప్రింటింగ్ మిస్టేక్ అయ్యుంటుంది సార్," అన్నాడు రాంబాబు.

"పేరొక్కటే మిస్టేకా? మిగతా అంతా సరిగ్గా పడిందా?" అన్నాడు జయంత్.

"అసలు కాగితం ఎక్కడుంది?" అంది హిమబిందు.

జవాబు మెట్టు దగ్గర్నుంచి వచ్చింది.

"వాళ్ళ ఆఫీసు బీరువాలో ఉంటుందండి," అంది గ్రేస్. "చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుంటారు. మానేస్తే ఇవ్వరు. నాలుగుసార్లు తిరిగాను. నీ పేరు బ్లాక్ లిస్టులో పెట్టామన్నారు. నా కాగితం ఇంకో పేరుతో తిరుగుతోందని నాకు ఇవాళే తెలిసింది."

* * *

రాంబాబు వెళ్ళిపోయాడు. సాయంత్రంలోగా ఒరిజినల్ తెచ్చి ఇవ్వకపోతే గుడివాడ తనే వస్తానని జయంత్ చెప్పాడు. గొంతు పెంచకుండా చెప్పాడు కాబట్టి రాంబాబు నమ్మాడు. సుమలత ఆ బండి ఎక్కలేదు. బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్ళింది.

"ఇంకేం," అన్నాడు జయంత్ చేతులు దులుపుకుంటూ. "చదువు దొరికింది, కాగితం దొరికింది. సోమవారం నువ్వు ల్యాబుకి."

హిమబిందు మాత్రం గ్రేస్‌నే చూస్తోంది. ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఫస్టు వచ్చిన అమ్మాయిని బ్లాక్ లిస్టులో ఎందుకు పెడతారు?

"ఎందుకు మానేశావు?"

"మీరు అడగకపోయినా చెప్పే వెళ్దామనుకున్నానండి." గ్రేస్ వరండా గచ్చు మీద నిలబడింది. చేతులు రెండూ ముందుకి కట్టుకుంది. "నేను చేసిన ఇంట్లో బాబుకి ఏడాది. ఇలాగే జ్వరంతో ఫిట్స్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. పక్కకి తిప్పాను. గడియారం చూస్తున్నాను. నాయనమ్మగారు పరిగెత్తుకొచ్చారు. పిల్లాడు పోతుంటే చూస్తూ కూర్చున్నావా అని నన్ను అవతలికి నెట్టేసి, వెల్లకిలా తిప్పి, గ్లాసుతో నీళ్ళు పోశారు. నోట్లో."

అమ్మాజీ చెయ్యి ఆమెకి తెలియకుండానే గొంతు దగ్గరికి వెళ్ళింది.

"బాబు..."

"బతికాడండి. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయి. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఇప్పుడు నడుస్తున్నాడట. ట్రైనింగైన మనిషి ఉండి కూడా ఇలా అయిందని నన్ను పంపేశారు. దాంతో ఏజెన్సీ కూడా మానాల్సి వచ్చింది." గ్రేస్ కళ్ళెత్తింది. "నీళ్ళు పోసింది ఆవిడే. కానీ నెట్టగానే నేను జరిగిపోయాను. పెద్దావిడ కదా అని. ఆ ఇంటి మనిషి కదా అని. అది మాత్రం నా తప్పేనండి. ఆ సంగతి మా కోర్సులో లేదు."

జయంత్ ఏదో అనబోయాడు. హిమబిందు చేత్తో ఆపింది.

"అందుకని ముందే అడుగుతానండి," అంది గ్రేస్. "మేడమ్ ల్యాబులో ఉంటారు. సార్ హార్బరులో ఉంటారు. ఇంట్లో ఉండేది నేనూ, పెద్దమ్మగారూ. ఆ ఐదు నిమిషాలు ఎవరి మాట నడుస్తుంది?"

ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. హిమబిందు కూడా ఎప్పుడూ అడగలేకపోయింది.

"నేను జరగనన్నాననుకో," అంది అమ్మాజీ మెల్లగా. "ఏం చేస్తావు?"

"రెక్క పట్టుకుని పక్కకి తప్పిస్తానండి."

ఆ మాట వరండా మధ్యలో పడింది. పొద్దున ఈ అమ్మాయి ఊరు అడిగి ఓహో అన్న మనిషి రెక్క అది. జయంత్ తల్లి వైపు చూడలేక ఐసు నీళ్ళకి మెత్తబడిన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. హిమబిందు మాత్రం చూసింది. అత్తగారి మొహంలో కోపం కోసం వెతికింది. కనిపించలేదు. అక్కడ ఉన్నది ఏమిటో ఆమెకి అంతుపట్టలేదు.

"ఆవిడ..." అమ్మాజీ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ నాయనమ్మ. ఇప్పుడెలా ఉంది?"

గ్రేస్ పొద్దుట్నుంచీ ఏ ప్రశ్నకీ తడబడలేదు. ఇప్పుడు తడబడింది.

"మీ పాపకి ఇలా అయిందని తెలిసి, మొన్న మంగళవారం మా ఇంటికి వచ్చారండి. ఆటోలో, ఒక్కరే. బందరులో ఫలానా వీధి, ఫలానా ఇల్లు, వెళ్ళి అడుగు, ఆ పిల్లని నువ్వు చూసుకో అని చెప్పి పంపించింది ఆవిడేనండి."

"ఎవరావిడ?" అన్నాడు జయంత్.

"చెప్పొద్దన్నారండి. పెద్దమ్మగారికీ తనకీ ఎప్పట్నుంచో మాటల్లేవట, తన పేరు వింటే నన్ను గేటు లోపలికి కూడా రానివ్వరన్నారు."

జయంత్ తల్లి వైపు తిరిగాడు. హిమబిందు కూడా.

అమ్మాజీ ఆ పేరేమిటని అడగలేదు. అడగకుండానే ఆమెకి తెలుసు.